జర్మనీకి ఒక ఏడాది ఆలస్యంగా వెళ్లండి: మన ఊరు ఒప్పుకోని తొమ్మిది సలహాలు

బీటెక్ అయిపోయిన పిల్లవాడు ఆరు నెలలు ఇంట్లో కనబడితే చాలు, ఇబ్రహీంపట్నంలో చుట్టాలూ ఇరుగుపొరుగూ తల్లిదండ్రులను ఆపి అడుగుతారు: "మీవోడు ఇంక పోలేదా?" ఎక్కడికి పోవాలో ఎవరూ అనరు. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊళ్లో ఆ మాటకు విదేశమనే అర్థం. మొన్నటిదాకా ఆ విదేశం అమెరికా. అక్కడ ఖర్చూ వీసా భయమూ పెరిగాక ఇప్పుడు చూపు జర్మనీ మీద పడింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదన్న మాట ఇంటింటికీ చేరింది. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు అందరికంటే ఎక్కువ మంది మనదేశం వాళ్లే. 2023-24 చలికాలపు సెమిస్టర్‌లోనే 49 వేల పైచిలుకు ఉన్నారు. దారి కూడా దగ్గరైంది. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే నేరుగా శంషాబాద్. అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలో నేరు విమానం మొదలైంది.

దారి సులువైంది గనక అక్కడ బతకడమూ సులువేనని అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది. జర్మనీ కాగితం మీద, చిరునామా మీద, భాష మీద నడిచే దేశం. ఆ మూడూ ఇక్కడ ఇంటి తిండి తింటూ ఏడాదిలో నింపాదిగా సమకూర్చుకోవచ్చు. తొందరపడి వెళ్లినవాళ్లు అదే పనిని అక్కడ మొదటి మూడు నెలల్లో, చలిలో, యూరోలు ఖర్చు పెడుతూ చేయాల్సి వస్తోంది. కింది సలహాలు మన ఊళ్లో ఎవరికి చెప్పినా పెడసరంగానే వినిపిస్తాయి. అయినా వీటిలో ఒక్కటి కూడా మాటవరసకు చెప్పింది కాదు.

1. ఈ ఏడాది దరఖాస్తు పెట్టకండి

జర్మనీలో ముఖ్యమైన సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. చాలా కోర్సులకు గడువు జులై 15. విదేశీ విద్యార్థులకు అంతకంటే ముందే ముగిసేవీ ఎన్నో. మన పిల్లలకు చివరి సెమిస్టర్ మెమోలు చేతికొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. 2022 నవంబరు 1 నుంచి మనదేశపు విద్యార్థులు వీసాకు ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరిగా తీసుకోవాలి. మన మెమోలు అసలైనవేనా అని పరిశీలించి ఇచ్చే ఈ కాగితానికి 18,000 రూపాయల ఫీజు, వారాల నిరీక్షణ. ఇవన్నీ ఒకే వేసవిలో కుదరవు. కుదరనప్పుడు మిగిలేది ఎప్పుడంటే అప్పుడు సీటిచ్చే ప్రైవేటు సంస్థలే. ఫీజు ఉండదని బయలుదేరినవాళ్లు లక్షల ఫీజు కట్టే చోట తేలడానికి మొదటి కారణం ఈ తొందర.

సీటు వచ్చాక ఆగుదాంలే అనుకోవద్దు. అక్కడి యూనివర్సిటీలు చాలావరకు ఈ ఏటి సీటును వచ్చే ఏటికి మార్చవు, మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే. అందుకే దరఖాస్తుకు ముందే ఆగండి. ఆ ఏడాది ఆదిబట్లలోనో మాదాపూర్‌లోనో చిన్న ఉద్యోగమైనా చేయండి. మీ బీటెక్ సబ్జెక్టుల జాబితాను కోర్సువారు అడిగే క్రెడిట్లతో ఒక్కొక్కటిగా పోల్చి చూసుకోండి. ఈసీఈ చదివి డేటా సైన్స్‌కు పెట్టిన దరఖాస్తులు మార్కులు బాగున్నా వెనక్కి రావచ్చు. మీరు చదివిన సబ్జెక్టులు వాళ్లకు కావలసినవి కాకపోవడమే కారణం.

2. ఐఈఎల్‌టీఎస్ కంటే ముందు పేరు సరిచేసుకోండి

"పేరేముంది, అందరికీ గట్లనే ఉంటది" అంటారు. మన పిల్లల పేర్లు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఇంటిపేరు చివర్లో ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును ఒకే గడిలో కుక్కినవీ ఉన్నాయి. జర్మనీలో ప్రతి ఫారం రెండు గడులతో మొదలవుతుంది: ఇంటిపేరు, సొంత పేరు. బ్యాంకు ఒక రకంగా, బీమా సంస్థ ఇంకో రకంగా, మున్సిపల్ ఆఫీసు మూడో రకంగా రాసుకుంటే, ఆ ముగ్గురూ ఒకరేనని నిరూపించే భారం మీదే అవుతుంది.

ఏపీఎస్‌కు పంపేముందే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మార్పించుకోండి. మెమోలో దిద్దుబాటుకు, పాస్‌పోర్టు తిరిగి తీసుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఏడాది ఆగమనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

3. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా జర్మన్‌లో బి1 స్థాయి పూర్తిచేయండి

ఊరు ఎక్కువగా ఎదురు చెప్పే సలహా ఇది. "ఇంగ్లీషు మీడియం కోర్సుకు జర్మన్ ఎందుకు?" పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, నిజమే. ఇల్లు అద్దెకిచ్చేవారి ఉత్తరం, బీమా నోటీసు, విదేశీయుల కార్యాలయం నుంచి వచ్చే తాఖీదు, హోటల్ వంటింట్లో పని చెప్పే మనిషి మాట, అన్నీ జర్మన్‌లోనే. జర్మన్ రానివాళ్లకు పార్ట్‌టైమ్ అంటే గిడ్డంగుల్లో రాత్రి పని, సైకిల్ మీద భోజనం చేరవేసే పని. వచ్చినవాళ్లకు చదివిన చదువుకు తగ్గ కంపెనీల్లో వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగం.

ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు. ఉద్యోగం దొరికి బ్లూ కార్డ్ అనే నివాస అనుమతి వచ్చినవారికి శాశ్వత నివాసం జర్మన్ ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకు. భాషకు ఆ ప్రభుత్వం కట్టిన విలువ ఇది.

జర్మన్ నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో గోథె సెంటర్ ఉంది. ఇంటి నుంచే నేర్చుకునే తరగతులూ ఉన్నాయి. ఏ1, ఏ2, బి1 మెట్లు ఏడాదిలో ఎక్కవచ్చు. "అక్కడికెళ్తే అదే వస్తుంది" అన్నమాట నమ్మకండి. పగలు ఇంగ్లీషు క్లాసు, రాత్రి తెలుగు గది ఉన్నవాడికి మధ్యలో జర్మన్ ఎక్కడి నుంచి వస్తుంది? నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు భాష మరీ ముఖ్యం. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 అడుగుతారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు నర్సులకు శిక్షణ ఇప్పిస్తోంది. ఏజెంట్ దగ్గరికి పోయేముందు అక్కడ అడగండి.

4. "ఫ్రీ" అని రాసిన కన్సల్టెన్సీ మెట్లెక్కకండి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, అమీర్‌పేటలో బస్సు దిగితే జర్మనీ బోర్డులే. రూపాయి తీసుకోకుండా దరఖాస్తు నింపిపెడతామంటారు. విద్యార్థిని తెచ్చినందుకు కమీషన్ ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు. ప్రభుత్వ యూనివర్సిటీకి మిమ్మల్ని పంపితే వాళ్లకు మిగిలేదేమీ లేదు. అందుకే ఆ బల్ల ముందు కూర్చున్న పిల్లవాడికి ఫీజు లేని యూనివర్సిటీ "నీ మార్కులకు కష్టం" అవుతుంది, ఫీజున్నది "గ్యారంటీ" అవుతుంది.

ఆ పని మీరే చేసుకోగలరు. కోర్సుల వివరాలు జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ సైట్‌లో దొరుకుతాయి. చాలా యూనివర్సిటీలకు యూనీ-అసిస్ట్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టాలి. మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. మీ యూనివర్సిటీకి అక్కడ గుర్తింపు ఉందో లేదో అనబిన్ అనే జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు. హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. ఎందుకు ఆ కోర్సు చదవాలనుకుంటున్నారో రాసే ఉత్తరం తప్పులున్నా మీ మాటల్లోనే ఉండాలి.

ఒకటి గట్టిగా చెప్పాలి. అనుభవ పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు "తయారుచేసి ఇస్తాం" అనేవారి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి. వీసా తిరస్కరిస్తే కాన్సులేట్‌కే అప్పీలు పెట్టుకునే పద్ధతిని జర్మనీ 2025 జులై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదా అక్కడి కోర్టుకెళ్లాలి. దొంగ కాగితం దొరికితే పోయేది ఏజెంట్ పేరు కాదు, మీ పేరు.

5. పొలం అమ్మకండి, చూపించే డబ్బు వడ్డీకి తేకండి

ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున మీకు తిరిగి ఇస్తారు. దరఖాస్తు రోజుకు ఎంతుందో మళ్లీ చూసుకోండి. మన లెక్కలో ఆ మొత్తం దగ్గరదగ్గర 12 లక్షల రూపాయలు. మన ఊళ్లో ఈ డబ్బుకు రెండు దారులు చెబుతారు. ఒకటి, ఆదిబట్ల వైపు ఉన్న గుంటలో ప్లాటో అమ్మేయడం. రెండోది, వడ్డీ వ్యాపారి డబ్బు వేయించుకుని, అక్కడికెళ్లాక నెలనెలా వచ్చే 992 యూరోలను అతనికే తిప్పి పంపడం. రెండోదానంత చెడ్డ ఒప్పందం ఇంకోటి లేదు. పిల్లవాడి తిండి డబ్బు అప్పులోడికి పోతుంది; వాడు చేరిన మొదటి వారం నుంచి పని కోసం పరుగెత్తాలి.

"పార్ట్‌టైమ్‌తోనే గడిచిపోతుంది" అని చూపించే లెక్క ఎలా ఉంటుందో చూడండి. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. రోజుకు నాలుగు గంటలు, 280 రోజులు వేస్తే 14,000 యూరోలు దాటుతుంది. లెక్కలో తప్పు లేదు, జీవితంలో ఉంది. భాష రానివాడికి మొదటి సెమిస్టర్‌లో పని దొరకడమే కష్టం. దొరికాక పరీక్షలుంటాయి, పింఛను కోతలుంటాయి, పని లేని నెలలుంటాయి. రెండేళ్ల మాస్టర్స్ మూడేళ్లకు చేరడమూ మామూలే. కాబట్టి పార్ట్‌టైమ్ ఆదాయాన్ని సున్నా అనుకుని రెండేళ్లకు లెక్క వేయండి. ఆ లెక్క తేలితేనే బయలుదేరండి.

తేలాలంటే ముందు ప్రభుత్వ సాయం చూడండి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట ఉన్న పథకం 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నాయి. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 5 లక్షలు. ఆ తర్వాత బ్యాంకు విద్యారుణం. పొలం చిట్టచివర. ఇబ్రహీంపట్నం దగ్గర ఒకసారి అమ్మిన నేలను జర్మనీ జీతంతో కూడా తిరిగి కొనలేరు.

6. పేరున్న నగరం వదిలేయండి

మ్యూనిక్, బెర్లిన్ పేర్లు పెళ్లి సంబంధాల్లో బాగా వినిపిస్తాయి. అక్కడ గది దొరకడమే పెద్ద గండం. ఫీజు లేదన్నమాట కూడా అన్నిచోట్లా చెల్లదు. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది.

ఇల్మెనావ్, కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్, ఫ్రైబెర్గ్ లాంటి ఊళ్లు చూడండి. ఫ్రైబెర్గ్ గనుల యూనివర్సిటీ 1765 నాటిది. చిన్న ఊళ్లో అద్దె తక్కువ, విద్యార్థి హాస్టల్‌లో గది దొరికే అవకాశం ఎక్కువ, ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే వీలు తక్కువ గనక భాష తొందరగా వస్తుంది. సీటు ఖాయమైన రోజే స్టూడెంట్ సర్వీస్ సంస్థ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టండి. గది చూపించకుండా అడ్వాన్స్ పంపమని, తాళంచెవి పోస్టులో వస్తుందని చెప్పేవాడు మోసగాడు. అక్కడ చట్టప్రకారం అడ్వాన్స్ మూడు నెలల అసలు అద్దెకు మించకూడదు; దాన్నీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది.

7. మనవాళ్ల గదిలో సర్దుకోకండి

"మా పెద్దనాన్న కొడుకు అక్కడనే ఉన్నడు, ఇద్దరున్న గదిల మూడోవాడు పడుకోలేడా?" నాలుగు రోజులైతే పడుకోవచ్చు. అక్కడే ఉండిపోతే మాత్రం ఒక్క చాప కోసం మొత్తం దారి మూసుకుపోతుంది.

ఎలాగో చూడండి. కొత్త ఇంట్లోకి మారిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లిచ్చినవారు సంతకం చేసిన పత్రం కావాలి. యజమానికి చెప్పకుండా మూడోవాడిగా ఉన్నవాడికి ఆ సంతకం ఎవరు పెడతారు? నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు. ఆ నంబరు లేకుండా జీతం లెక్క సరిగా తేలదు. నివాస అనుమతి పొడిగించుకోవడానికీ ఆ చిరునామా కాగితమే అడుగుతారు. దొంగ చిరునామా కొనుక్కోవడం చట్టవిరుద్ధం.

నమోదయ్యాక చేసే మొదటి పని తపాలా పెట్టె మీద మీ పేరు అంటించడం. పన్ను నంబరు, బ్యాంకు కార్డు రహస్య సంఖ్య, బీమా కార్డు, అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. పెట్టె మీద పేరు లేకపోతే పోస్టుమన్ వెనక్కి తీసుకుపోతాడు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆరోజే విప్పి, తేదీ ప్రకారం ఫైలులో పెట్టండి. ఇంటికొకటి చొప్పున కట్టాల్సిన రేడియో-టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాలి. ఆ ఉత్తరం పక్కన పడేస్తే జరిమానాతో తిరిగొస్తుంది.

వీసా గడువు ముగిసేలోగా విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా గడువులోపల దరఖాస్తు పెట్టినవారికి తాత్కాలిక పత్రం ఇస్తారు. ఒక్కరోజు దాటినా ఆ రక్షణ పోతుంది. బీమా విషయంలో చవక చూడకండి. 30 ఏళ్లలోపు విద్యార్థి మామూలుగా ప్రభుత్వ తరహా బీమాలో చేరాలి. చవకని ప్రైవేటు బీమా కోసం ఒకసారి దాన్ని వదులుకుంటే చదువయ్యేదాకా వెనక్కి రాలేరు.

8. పెట్టెలో నెయ్యి వద్దు, కాగితాలు పెట్టండి

అమ్మలకు కష్టంగా తోచే సలహా ఇది. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా, మటన్ పచ్చడి, కోడి పచ్చడి అందులోకే వస్తాయి. తాజా కరివేపాకు, పండ్లు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మామిడి, గోంగూర పచ్చళ్లు, కారం, పసుపు, ఎండిన కరివేపాకు పొడి పెట్టండి. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి.

ఖాళీ అయిన బరువులో అసలు మెమోలన్నీ, జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు, మీరు రోజూ వాడే మందులకు డాక్టర్ చీటీ పెట్టుకోండి. ఇవన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. తర్వాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ మళ్లీ పాసవ్వాలి. కాబట్టి కారు నడిపే ఉద్యోగం మీద ఆశ పెట్టుకోకండి.

9. అమ్మానాన్నలకు: రెండేళ్లు డబ్బు మాట ఎత్తకండి

"ఫస్టు నెల ఎంత పంపిస్తవు బిడ్డా?" అని ఫోన్లో అడిగిన ఇంటి పిల్లలు తరగతులు మానేసి గిడ్డంగికి పోతారు. పరీక్షలు తప్పితే నివాస అనుమతి పొడిగింపే చిక్కుల్లో పడుతుంది. మీరు పంపింది చదువుకు. చదువు అయ్యేదాకా అప్పు వాయిదాల భారం వాడికి తెలియనీయకండి. తెలియకుండా మోయలేరనుకుంటే ఇంకో ఏడాది ఆగి పంపండి.

ఫోన్ చేసినప్పుడు జీతం గురించి కాదు, ఉత్తరాల గురించి అడగండి. చిరునామా నమోదైందా, బీమా కార్డు వచ్చిందా, నివాస అనుమతి ఏ తేదీ దాకా ఉంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తడుముకుంటే పిల్లవాడు ఇబ్బందిలో ఉన్నట్టే. మాట వణికిందనుకుంటే తిట్టకండి. ఇంటికి వచ్చేయమనే మాట ముందుగా మీ నోటి నుంచే రావాలి. అడగడానికి వాడికి ధైర్యం చాలదు.

ఆ ఏడాది ఎలా గడపాలి

అక్టోబరులో జర్మన్ ఏ1 మొదలుపెట్టి, అదే నెలలో పేర్ల దిద్దుబాటుకు అర్జీలు ఇవ్వండి. జనవరికి ఏ2లో ఉండాలి. దిద్దిన కాగితాలతో ఏపీఎస్‌కు, దాంతోపాటు ప్రభుత్వ విద్యానిధి ప్రకటన వస్తే దానికీ పెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో కోర్సుల జాబితా ఎనిమిది, పదికి కుదించండి. సగమైనా చిన్న ఊళ్లవి ఉండాలి. ఏప్రిల్ నుంచి గడువుల ప్రకారం దరఖాస్తులు. జూన్, జులైలో బి1 పరీక్ష. సీటు రాగానే హాస్టల్, బ్లాక్డ్ అకౌంట్, బీమా, వీసా, ఈ వరుసలోనే.

జులై చివర మూడు లెక్కలు చూసుకోండి: బి1 వచ్చిందా, రెండేళ్ల ఖర్చు వడ్డీవ్యాపారి లేకుండా తేలిందా, సీటు వచ్చింది ప్రభుత్వ యూనివర్సిటీలోనా? మూడూ ఉంటే బయలుదేరండి. ఒక్కటి లేకపోయినా టికెట్ కొనకండి. మీరు నేర్చిన భాష, సరిచేసుకున్న పేరు, చేసిన ఏడాది ఉద్యోగం వచ్చే ఏటికీ పనికొస్తాయి. అప్పుతో, దొంగ కాగితంతో, చిరునామా లేకుండా వెళ్లినవాడు పోగొట్టుకునేవి మాత్రం తిరిగిరావు. జర్మనీ వచ్చే అక్టోబరులోనూ తరగతులు మొదలుపెడుతుంది. మీవోడు ఇంక పోలేదా అని అడిగినవాళ్లకు "తయారవుతున్నాడు" అని చెప్పండి. అది నిజం, అంతకంటే సంజాయిషీ ఎవరికీ అక్కర్లేదు.